దయచేసి మళ్లీ చెప్పండి

బడికి పది ట్యాబులొచ్చాయి.
ఆరింటికే చార్జింగ్ నిలుస్తుంది,
అందులో ఒకదానికి గొంతు పోయింది.
రోజూ పొద్దున్నే వాటి మీద
చీమకుర్తి దుమ్ము తుడవటం నా పని.
క్వారీ రాతిపొడి అది. వేలికి అంటుకుంటే
తెర మనిషి వేలిని పోల్చుకోదు.

ఆరో తరగతి సుకాంతి శబర
తడిగుడ్డతో చెయ్యి తుడుచుకుని మరీ కూర్చుంటుంది.
వాళ్ల నాన్న పాలిషింగ్ ఫ్యాక్టరీలో
నల్లరాతిలో చుక్కలు తేలేదాకా నీళ్లు కొడతాడు.
ఒరిస్సా కొండల్నించి వచ్చి ఏడు నెలలు.
తొలి తెలుగు ట్యాబే నేర్పింది.
ఆ మధ్యాహ్నం బోరింగు దగ్గర
"దయచేసి నాకు నీరు ఇవ్వగలరా?" అంది.
బిందెలు పట్టుకున్న ఆడోళ్లు
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు,
కలెక్టరమ్మ గానీ వచ్చిందా అన్నట్టు.
ఆ తర్వాత పడీ పడీ నవ్వారు.

ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న తెలుగు అది.
మడత నలగదు, చెమట అంటదు.
మా మాలకొండయ్య దానికే పరీక్ష పెట్టాడు.
"యాడికి పోతన్నావ్?" అన్నాడు.
కాసేపు గుండ్రంగా తిరిగి, ఏదో రాసి
కింద ఎర్రగీత గీసింది.
"రొంత ఆగు" అన్నాడు.
"రొట్టె ఆకు" అని రాసింది.
వాడి పేరు చెబితే
కొండని ఒక లైన్లో, అయ్యని ఇంకో లైన్లో పెట్టింది.
క్లాసంతా ఒకటే గోల.

నేనూ నవ్వాను గానీ
ఆ ఎర్రగీత దగ్గర నా నవ్వు తట్టుకుని ఆగింది.
ఇరవై ఏడేళ్లుగా కాంపోజిషన్ పుస్తకాల్లో
"యాడ" కింద, "ఎట్టా" కింద, "వస్తన్నా" కింద
నేను గీసిన గీతే అది.
వీళ్లలో కొందరి నాన్నల పుస్తకాల్లోనూ
అచ్చం అంతే పొడవు.
దానికి ఎవరో నేర్పారంటే
నాలాంటోడెవడో పక్కన కూర్చుని నేర్పినట్టే.

పన్నెండున్నరకి క్వారీలో సైరను, వెనకే పేలుడు.
కిటికీ ఊచలు గలగలమంటాయి, సున్నం రాలుతుంది.
పిల్లలు అలవాటుగా పెన్నులు పైకెత్తి పట్టుకుంటారు,
అక్షరం జారకుండా.
ఆ రోజు మైకు తెరిచే ఉంది.
అంత మోతా విని ట్యాబు నెమ్మదిగా అంది:
"క్షమించండి, అర్థం కాలేదు.
దయచేసి మళ్లీ చెప్పండి."
"వద్దులే" అన్నాడు మస్తాను.
వాళ్లన్న అక్కడే డ్రిల్లు పట్టుకుంటాడు.

కార్తీకంలో సుకాంతి వాళ్లమ్మకి జబ్బు చేసింది.
ఆస్పత్రిలో నర్సమ్మకీ తనకీ మధ్య ఫోను పెట్టుకుని మాట్లాడిందట.
మూడు శాతం. రెండు. నల్ల తెర.
అప్పుడిక నోరు తెరిచింది:
"మా అమ్మకి రెండ్రోజుల్నించి వాంతులవతన్నయ్,
బువ్వ తిన్లా, రొంత చూడక్కా."
ఎక్కడ నేర్చావే అంటే
బోరింగు దగ్గర, అంది.
"వాంతులు" మాత్రం ట్యాబుదే సార్, అంది మళ్లీ,
దాని వాటా దానికి పెడుతూ.
తర్వాత వారం పేరా రాయమంటే ఇదే రాసుకొచ్చింది.
"అవతన్నయ్" మీద పెన్ను ఆగింది.
గీశానో లేదో చెప్పను.

నిన్న ట్యాబులో భాషల జాబితా తీసింది.
ఒడియా ఉంది. వీళ్ల ఇంట్లో ఒడియా కాదు, సొర.
జాబితా అయిపోయినా
వేలు ఇంకా కిందికి జరుపుతూనే ఉంది.
"మీ ఇంట్లో నీళ్లనేమంటారు?" అన్నాను,
ఏదో ఒకటి అడగాలని.
"డా" అని, గొంతులో ఎక్కడో
గులకరాయి అడ్డం పడ్డట్టు టక్కున ఆపి, మళ్లీ వదిలింది.
సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర నిలబడ్డాను.
అ నుంచి ఱ దాకా తడుముకున్నాను.
ఆ ఆగుడుకి నా దగ్గర అక్షరం లేదు.

"ఇంకోసారి చెప్పమ్మా."

ఆమె చెప్పేలోపే మాలకొండయ్య అనేశాడు, దుడుకోడు.
గులకరాయి మింగేశాడు.
సుకాంతి తల అడ్డంగా ఊపింది.
"ఇంకోసారి" అంది.